రేవు కట్టడం ఒక రోజు పండుగ, కాపాడుకోవడం రోజూ చేసే పని

ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉండే మనకు సముద్రపు రేవుతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడి నుంచి సముద్రం చూడాలంటే రాత్రి రైలెక్కి తెల్లవారి దిగాలి. మన వీధిలో అమ్మే చేపలలో ఎక్కువ భాగం రవ్వ, బొచ్చె వంటి చెరువు చేపలే. అయినా ఆదివారం వస్తే వంజరం, చందువా, రొయ్యలు కొనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నెత్తళ్లు, ఎండు చేపలు లేని వంటిల్లు కొన్ని కుటుంబాలలో ఉండదు. ఇవి విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వంటి రేవుల నుంచి మన దాకా వస్తాయి. ఆ రేవు శుభ్రంగా ఉంటే మన కంచం శుభ్రంగా ఉంటుంది. అక్కడ జరిగిన కొన్ని పొరపాట్లను మనం వంటింట్లో ఎంత కడిగినా, ఎంతసేపు ఉడికించినా సరిచేయలేం. బి.పి., షుగరు గురించి చదువుకునే ఈ పేజీలో చేపల రేవు గురించి రాయడానికి అదే కారణం.

కొత్త రేవు కట్టడానికి నిధులు కావాలంటే శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ఫోటోలు ఉంటాయి. కట్టిన రేవులో రోజూ నేల కడగడానికి, పూడిక తీయడానికి, కుళాయి బాగుచేయడానికి శిలాఫలకం ఉండదు. కాబట్టి ఆ పని వెనకబడుతుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరును రిబ్బను కత్తిరించి ఒక్కసారే ప్రారంభిస్తాం. కానీ రోగి ప్రాణం నిలిచేది ప్రతి ఉదయం ఆ గదిని మందునీళ్లతో తుడిచే ఆయా చేతిలో. రేవు విషయమూ అంతే.

ఐసు, నీళ్లు

చేప వలలో పడి ప్రాణం పోయిన క్షణం నుంచే చెడిపోవడం మొదలవుతుంది. దాన్ని ఆపేది చలి ఒక్కటే. సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంచాలి. మన వంటి వేడి దేశంలో కిలో చేపకు కిలో ఐసు వేయమంటారు. బోటు ఒడ్డుకు వచ్చాక వేలం పాట జరిగేంతసేపు చేపను ఎండలో నేల మీద పోసి ఉంచితే, బోటులో వేసిన ఐసు ఫలితమంతా వృథా అవుతుంది.

టూనా, కానాగంతలు, వంజరం వంటి చేపలలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇవి వేడిలో ఉంటే సూక్ష్మజీవులు పెరిగి హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. అది ఒకసారి తయారైతే ఉడికించినా, వేయించినా పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటలలోపు ముఖం ఎర్రబడటం, దురద, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ, వాంతులు రావచ్చు. చాలామంది దీన్ని "చేప పడలేదు" అని సరిపెట్టుకుంటారు. తనకు ఎలర్జీ అనుకుని చేప తినడమే మానేసేవారూ ఉంటారు. తప్పు చేపది కాకపోవచ్చు, సమయానికి అందని ఐసుది కావచ్చు. ఏది ఏమైనా ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలుక వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

ఇక నీళ్లు. రేవు లోపలి నీరు అలలు లేని నిలువ నీరు. పట్టణం మురుగు, బోటు అడుగున చేరిన నూనె నీళ్లు, చేపల వ్యర్థాలు అందులోనే చేరతాయి. మంచినీటి కుళాయి లేని చోట అదే నీటిని బకెట్లతో తోడి చేపలనూ నేలనూ కడుగుతారు. పట్టినప్పుడు శుభ్రంగా ఉన్న చేప, కడిగినందువల్ల మురికి అవుతుంది. విరేచనాల వ్యాధులను కలిగించే సూక్ష్మజీవులు ఆ విధంగా మన సంచిలోకి వస్తాయి.

రేవులో పనిచేసే స్త్రీల ఆరోగ్యం కూడా ఇందులోని భాగమే. తెల్లవారక ముందే వచ్చి మధ్యాహ్నం దాకా తడి నేల మీద నిలబడి చేపలు ఏరి, కోసి, గంపలకెత్తేది వాళ్లే. శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే వాళ్లు నీళ్లు తాగడం తగ్గించుకుంటారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు అది దారి తీస్తుంది. చేప ముల్లు గుచ్చుకున్న గాయాన్ని కడుక్కోవడానికి మంచి నీళ్లు లేకపోతే చిన్న గాయం పెద్దదవుతుంది. రెండు కుళాయిలు, తలుపు పడే నాలుగు మరుగుదొడ్లు ఎన్ని మందుల పని చేస్తాయో వైద్యులకు తెలుసు.

విశాఖ నేర్పిన పాఠం

2022 నవంబరు 12న విశాఖపట్నం చేపల రేవు ఆధునికీకరణకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అంచనా సుమారు 150 కోట్ల రూపాయలు. రోజుకు 150 టన్నుల చేపలను దించుకునే రేవు 300 టన్నుల దాకా దించుకోగలిగేలా చేయాలన్నది ఆ పథకం. మంచి పనే. ఆ తరువాత ఏడాదికి, 2023 నవంబరు 19 రాత్రి, అదే రేవులో మంటలు లేచాయి. తెల్లవారేసరికి ముప్పైకి పైగా మరబోట్లు కాలిపోయాయి.

బోట్లు ఒకదానికొకటి ఆనుకుని కట్టి ఉన్నాయి. ప్రతి బోటులోనూ వేటకు డీజిలు ఉంటుంది, వంటకు గ్యాసు సిలిండరు ఉంటుంది. ఒక బోటు అంటుకుంటే పక్కది అంటుకోవడానికి ఎంతసేపు పడుతుంది? బోటు విలువలో 80 శాతం పరిహారం ఇస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సాయం అవసరమే. అయితే ఒక్కో బోటు మీద యజమాని కుటుంబమే కాదు, సరంగు, కళాసీల కుటుంబాలు కూడా బతుకుతాయి. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వదలడం, రాత్రి కాపలా పెట్టడం, నీటి వైపు నుంచి మంట ఆర్పే ఏర్పాటు చేయడం, ఏడాదికి రెండుసార్లు అందరితో అభ్యాసం చేయించడం... వీటి ఖర్చు పరిహారం ముందు ఎంత? జబ్బు వచ్చాక పెట్టే ఖర్చు కంటే రాకుండా పెట్టే ఖర్చు తక్కువని మనం టీకాల విషయంలో ఒప్పుకున్నాం. రేవుల విషయంలో ఇంకా ఒప్పుకోలేదు.

ఇసుక కూడా నడుస్తుంది

రేవును కాపాడటమంటే దాని పక్కనున్న బీచిని కూడా కాపాడటమే. మన తూర్పు తీరంలో అలలు ఇసుకను ఒడ్డు వెంబడి నడిపిస్తూ ఉంటాయి. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఆ నడక దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కువ. బోట్లకు నెమ్మదైన నీరు కావాలని సముద్రంలోకి రాతికట్ట కడితే, నడిచే ఇసుక ఆ కట్ట దగ్గర ఆగిపోతుంది. దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది. ఉత్తరం వైపు ఒడ్డుకు రావలసిన ఇసుక రాక, అల ఒడ్డును కోసుకుపోతుంది.

విశాఖలో జరుగుతున్నది ఇదే. 1933లో ఓడరేవు ప్రారంభమయ్యే నాటికే ఇసుక మేట సమస్య ఉంది. దాన్ని ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి సముద్రంలో ముంచి అడ్డుకట్టగా వాడారు. 1970లలో వెలుపలి రేవుకు పెద్ద రాతికట్టలు వచ్చాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర చేరే ఇసుకను తవ్వి, గొట్టాల ద్వారా రామకృష్ణ బీచి వైపు పోయడం అప్పటి నుంచి ఆ పట్టణానికి తప్పని పని అయింది. పోయడంలో ఆలస్యమైతే బీచి సన్నబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఒడ్డు ఎంత బలహీనంగా ఉందో అందరూ చూశారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం దశాబ్దాలుగా ఊరిని తినేస్తోంది. అక్కడ ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులతో కట్టిన గోడ కూడా అలల దెబ్బకు దెబ్బతిన్నది. కట్టి వదిలేస్తే సముద్రం ఊరుకోదు. షుగరు వ్యాధికి ఒకసారి మందు వేసుకుని మానేస్తే ఎలాగో ఇదీ అలాగే.

రుషికొండ బీచి మరో ఉదాహరణ. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, శుభ్రత, భద్రత వంటి 33 నియమాలు పాటించాలి. ఈ జెండా శాశ్వతం కాదు, మళ్లీ మళ్లీ సంపాదించుకోవాలి. 2025 మొదటి నెలల్లో చెత్త, వీధికుక్కలు, పనిచేయని కెమెరాల వంటి ఫిర్యాదుల మీద ఆ గుర్తింపు కొంతకాలం పోయి, లోపాలు సరిదిద్దాక తిరిగి వచ్చింది. దీన్ని అవమానంగా చూడనక్కరలేదు. రిపోర్టు బాగా లేదని చెప్పే డాక్టరు మనకు శత్రువు కాదు కదా. చేపల రేవులకు కూడా ఇటువంటి ఏడాది పరీక్ష, ఫలితాన్ని గోడ మీద రాసే పద్ధతి ఉంటే మేలు.

అయితే ఒక జాగ్రత్త. బీచి శుభ్రం అనగానే తెప్పలను, వలలను, ఎండు చేపలను అక్కడి నుంచి తీసేయాలనే ఆలోచన కొందరికి వస్తుంది. బీచి మనకు సెలవు రోజు చోటు. వాళ్లకు అది పొలం, కళ్లం, పెరడు. చేపను ఇసుక మీద కాక ఎత్తైన పందిరి మీద ఆరబెట్టే ఏర్పాటు చేస్తే దుమ్ము తగ్గుతుంది, మనకు వచ్చే ఎండు చేపలో ఇసుక తగ్గుతుంది, వాళ్లకు మంచి ధర వస్తుంది. పనివాళ్లను పంపేసి చేసే శుభ్రత శుభ్రత కాదు.

ఏం చేయాలి?

మత్స్యకారులే మురికి చేస్తున్నారు కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. చెత్త వేయడానికి తొట్టి, పాత నూనె పోయడానికి పీపా లేని చోట ఎవరున్నా అంతే జరుగుతుంది. కేరళలోని కొల్లం దగ్గర నీండకర రేవులో 2017లో శుచిత్వ సాగరం అనే పథకం మొదలైంది. వలలో పడిన ప్లాస్టిక్‌ను తిరిగి సముద్రంలో పారేయకుండా మత్స్యకారులే సంచులలో ఒడ్డుకు తెస్తారు. దాన్ని ఏరి, కడిగి, ముక్కలు చేసి రోడ్డు తారులో కలుపుతారు. తీసుకునే చెయ్యి ఒడ్డున ఉంటే తెచ్చే చెయ్యి బోటులో ఉంటుందని ఆ రేవు చూపించింది.

నా అభిప్రాయంలో ప్రతి రేవు కట్టడపు అంచనాలోనే పదేళ్ల నిర్వహణ ఖర్చును విడిగా రాసి పెట్టాలి. బోట్ల వారు, చేపలమ్మే స్త్రీలు, ఐసు ఫ్యాక్టరీల వారు, అధికారులు కలిసిన సంఘానికి రోజువారీ పని అప్పగించాలి. బోటు నుంచి చిన్న రుసుము తీసుకోవచ్చు. పేదలపై భారం కదా అంటే, రుసుము బోటు పరిమాణాన్ని బట్టి ఉండాలి, తెప్పకు వద్దు. ఆ డబ్బు అదే రేవులో ఖర్చు కావాలి, లెక్క బోర్డు మీద కనపడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. పూడిక తీయడానికి, విద్యుత్తు తీగలు, కుళాయిలు బాగుచేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఇక్కడున్న మనం

సముద్రం మనకు దూరమే కానీ దానితో మనకు సంబంధం లేకపోలేదు. అల ఎంత ఎత్తున వస్తుందో, చేపలు ఎక్కడ ఎక్కువగా దొరకవచ్చో మత్స్యకారులకు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోని ప్రగతినగర్‌లోనే ఉంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం అక్కడే పనిచేస్తోంది. ఇక్కడి నుంచి మంచి మాటతో పాటు మురుగు కూడా వెళుతుంది. మన పక్క నుంచి పోయే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మొగకు అటూ ఇటూ ఉన్నవే మచిలీపట్నం, నిజాంపట్నం రేవులు. మన నాలాలో వేసిన కవరు దారిలో ఏ ఆనకట్ట దగ్గరో ఆగవచ్చు, ఆగకపోనూ వచ్చు. ఉప్పల్ నల్ల చెరువుకు, నాచారం పెద్ద చెరువుకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. సుందరీకరణ ఒకసారి చేస్తే చాలదు, మురుగు రాకుండా ప్రతిరోజూ చూడాలి.

చేపలు కొనేటప్పుడు కళ్లు మెరుస్తున్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి వస్తుందా చూడండి. ఐసు మీద లేని సముద్రపు చేపను తీసుకోకండి. ధర అడిగినట్టే "ఐసు మీదే వచ్చిందా?" అని అడగండి. పదిమంది కొనేవాళ్లు అడిగితే ఆ ప్రశ్న బండి మీద రేవు దాకా వెళుతుంది. బీచికి వెళ్లినప్పుడు తెచ్చుకున్న చెత్తను తిరిగి తెచ్చుకోండి. షుగరు, కాలేయ వ్యాధి ఉన్నవారు ఇసుకలో చెప్పులు లేకుండా నడవకండి, కాలికి పుండు ఉంటే సముద్రపు నీటిలో దిగకండి.

రేవులో నేల కడిగే మనిషికి, ఐసు కొట్టే మనిషికి, రాత్రి కాపలా మనిషికి నెల నెలా జీతం అందుతోందా అనేదే ఆ రేవు ఆరోగ్యానికి సరైన కొలత. ఓటు అడిగేవారు కొత్త రేవు కడతామని చెప్పినప్పుడు, పాత రేవును ఎవరు కడుగుతున్నారని అడగడం మన హక్కు.