గోరింటా, గన్నేరా: ఇంటి ప్రహరీకి ఏది మేలు?

దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్-నమ్ల్ సూరా 60వ ఆయతు మనోహరమైన తోటలను అల్లాహ్ శక్తికి నిదర్శనంగా పేర్కొన్నది. కనుక ఇంటి ముంగిట పచ్చదనం కోరుకోవడంలో తప్పు లేదు. ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతని పక్షాన సదఖా అవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శుభవార్త నిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. అయితే తిన్న ప్రాణికి ప్రాణాపాయం కలిగించే మొక్కను మన వాకిట్లో పెంచితే ఆ శుభవార్తలో మనకు భాగం ఎక్కడిది? ఈ నెల దీనిని గురించే ఆలోచిద్దాం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో కొత్తగా ఇల్లు కట్టుకున్న సోదరులు తరచుగా ఒక మాట అడుగుతుంటారు. ప్రహరీ గోడ వెంట ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొద కావాలి, నీరు ఎక్కువ అడగకూడదు, మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు మాడిపోకూడదు. ఈ షరతులకు నిలిచే మొక్కలలో మన వైపు అందరికీ తెలిసినవి రెండు: గోరింట, గన్నేరు. ఉర్దూలో మెహందీ, కనేర్. అరబీలో హిన్నా, దిఫ్లా.

గన్నేరు ఆకర్షణ

న్యాయంగా చెప్పాలంటే అందంలో గన్నేరుదే పైచేయి. గులాబి, తెలుపు, ఎరుపు పూలు గుత్తులుగా ఏడాదిలో చాలా నెలలు పూస్తాయి. కొమ్మ గుచ్చితే బ్రతుకుతుంది. చల్క నేలలోనూ, నీటి ఎద్దడిలోనూ నిలుస్తుంది. చేదు వల్ల పశువులు సాధారణంగా పచ్చి ఆకును ముట్టవు. ఈ గుణాల వల్లనే రహదారుల నడుమ దానిని వరుసలుగా నాటుతారు. గల్ఫ్ నగరాల వీధులలో మండుటెండలో పూసిన గన్నేరును చూసి వచ్చిన మన సోదరులు, ఇంటి దగ్గర కూడా అదే నాటాలని ముచ్చటపడడం సహజమే.

కాని ఈ మొక్కలో ఆకు, పువ్వు, కాయ, బెరడు, పాలు, వేరు అన్నీ విషమే. ఇందులోని ఒలియాండ్రిన్ మొదలైన పదార్థాలు నేరుగా గుండె మీద పనిచేస్తాయి. మొదట వాంతులు, కడుపునొప్పి, తల తిరగడం, ఆ తరువాత గుండె లయ తప్పడం జరుగుతుంది. ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. పచ్చ గన్నేరు వేరొక మొక్క అయినప్పటికీ విషంలో దీనికి తీసిపోదు. దాని గట్టి గింజలతో పిల్లలు ఆడుకోవడం మనం చూస్తూనే ఉంటాము.

2024లో కేరళలో ఒక యువతి గన్నేరు ఆకు నమలడం వల్ల మరణించిందన్న అనుమానం వ్యక్తమయింది. అదే సంవత్సరం మే నెలలో అక్కడి ట్రావెన్‌కోర్, మలబార్ దేవస్వం బోర్డులు తమ ఆలయాల నైవేద్య ప్రసాదాలలో ఆ పువ్వు వాడకాన్ని నిలిపివేశాయి. తరతరాలుగా వాడుకలో ఉన్న పువ్వునే వారు ప్రాణరక్షణ కోసం పక్కన పెట్టారు. కొత్తగా నాటబోయే మనకు ఆ పాటి జాగ్రత్త మరింత సులువు కదా!

మన ఇళ్ల పరిస్థితిని కూడా చూడండి. ఈ పట్టణాలలో ఎందరో తల్లులు వాకిట్లో చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతూ సంసారానికి అండగా నిలుస్తున్నారు. చేతిలో తునికాకు, పక్కన పాకే బిడ్డ. ఇంటాయన దుబాయిలోనో సౌదీలోనో ఉంటాడు. ఆ తల్లి ప్రతి క్షణం బిడ్డ చేతిని కనిపెట్టి ఉండగలదా? పసివాడికి రాలిన పువ్వైనా, కాయైనా నోటిలో పెట్టుకునే వస్తువే.

బక్రీదుకు ముందు ఖుర్బానీ మేకను తెచ్చి ప్రహరీ పక్కన కట్టివేస్తాము. పచ్చి గన్నేరును మేక ముట్టదన్న ధీమా ఉంటుంది. కాని కత్తిరించి పారేసిన కొమ్మ ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. ఎండుగడ్డిలో కలిసిన ఆకులు తిని పశువులు చనిపోయే ప్రమాదం ఉన్నది. ఆ కొమ్మలను వీధిలో పారేస్తే నష్టపోయేది పొరుగువాని మేక కావచ్చు.

గోరింట గుణం

గోరింటకు ఆ పూల వైభవం లేదు. చిన్న చిన్న తెల్లని పూలు, మంచి వాసన. మొదటి రెండేళ్లు ఓపిక పట్టాలి. నీరు బొత్తిగా కరువైతే కొంత ఆకు రాలుస్తుంది. ముదిరిన కొమ్మల కొసలు ముళ్ల వలె గుచ్చుకుంటాయి. కత్తిరిస్తూ ఉంటేనే కంచె ఒత్తుగా వస్తుంది. ఈ లోపాలన్నీ ఒప్పుకోవలసినవే.

అయినా దాని మేలు ఇంటిల్లిపాదికీ అందుతుంది. దైవప్రవక్త (స)కు గాయమైనప్పుడు ఆ చోట గోరింట పెట్టమని ఆదేశించేవారని, ఆయనకు సేవ చేసిన సల్మా (రజియల్లాహు అన్హా) తెలిపిన ఉల్లేఖనం తిర్మిజీ, ఇబ్ను మాజా గ్రంథాలలో ఉన్నది. హజ్రత్ అబూబక్ర్ (రజియల్లాహు అన్హు) గోరింటను, కతమ్ అనే ఆకును కలిపి వెంట్రుకలకు రంగు వేసుకునేవారు. రాజస్థాన్‌లోని సోజత్ రైతులకు ఇదే జీవనాధారమైన పంట. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

పెరట్లో గోరింట ఉంటే మరొక లాభం ఉన్నది. పండుగ ముందు రోజు బజారులో దొరికే నల్ల మెహందీ కోన్లలో పీపీడీ అనే రసాయనం కలుపుతుంటారు. దాని వల్ల కొందరి చేతులపై బొబ్బలు లేచి మచ్చలు మిగులుతాయి. స్వచ్ఛమైన గోరింట ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు. మన చెట్టు ఆకును మనమే రుబ్బుకుంటే ఆ భయం ఉండదు. వుజూ విషయంలో కూడా రంగు మిగలడం అడ్డు కాదు. నీటిని చర్మానికి తగలనీయని పొర ఉంటే మాత్రం దానిని తొలగించాలి.

ఇక్కడ తల్లులకు ఒక హెచ్చరిక. పసికందుల చేతులకు, కాళ్లకు గోరింట పెట్టవద్దు. జీ6పీడీ లోపం ఉన్న బిడ్డలలో చర్మం గుండా ఇంకిన గోరింట రంగు రక్తకణాలను విచ్ఛిన్నం చేసి తీవ్రమైన కామెర్లు తేగలదు. ఆ లోపం ఉన్నదో లేదో చూసినంత మాత్రాన తెలియదు. గోరింట పూసుకోవడానికే, తినడానికి కాదు.

నాటే విధానం

తొలకరి వానలు పడ్డాక, పెన్సిల్ మందం గల కొమ్మను జానెడు పొడవున కత్తిరించి సగం మట్టిలోకి దించాలి. కంచె కోసమైతే అడుగున్నర దూరం చాలు. ఎండ బాగా తగలాలి, నీరు నిలువకూడదు. మొదటి ఏడాది నేల ఆరినప్పుడల్లా నీరు పోస్తే ఆ తరువాత అది తనను తాను చూసుకుంటుంది. సిరిసిల్లలో మరమగ్గాల వాడల వలె ఇరుకైన చోట్ల, వాకిలి లేనివారు డాబా మీద పెద్ద కుండీలోనైనా పెంచుకోవచ్చు. నేల విషయంలో సందేహముంటే జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నది, అక్కడి వారిని అడగవచ్చు.

ఇప్పటికే గన్నేరు ఉన్నవారికి

మేలు సంపాదించుకోవడం కన్నా కీడును తొలగించడం ముందు అన్నది మన ఫుఖహాల సూత్రం. బాటసారులకు ఇబ్బంది కలిగిస్తున్న చెట్టును నరికిన ఒక వ్యక్తి స్వర్గంలో సుఖంగా ఉండడం తాము చూశామని దైవప్రవక్త (స) తెలిపినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. నాటడంలో పుణ్యం ఉన్నట్లే, హాని చేసే దానిని తీసివేయడంలోనూ పుణ్యం ఉన్నది.

చిన్నపిల్లలు, మేకలు ఉన్న ఇంట గన్నేరును తీసివేయడమే మేలు. తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, పాలు కంటికి తగలనీయవద్దు. కొమ్మలను కాల్చవద్దు, దాని పొగ కూడా హానికరమే. పశువులు చేరని చోట లోతుగా పూడ్చివేయండి. దాని పుల్లతో పళ్లు తోమవద్దు. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమానికి నచ్చజెప్పండి. ఎవరైనా పొరపాటున తింటే వాంతి చేయించే ప్రయత్నాలతో, నాటు మందులతో సమయం పోగొట్టక వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒక ఆకును సంచిలో వేసుకుని వెళ్లి వైద్యునికి చూపండి.

గన్నేరు కూడా అల్లాహ్ సృష్టే, దానిని నిందించడం మన ఉద్దేశం కాదు. పసివారి చేతికి, పశువుల నోటికి అందని చోట అది పూయవచ్చు. పిల్లలు తిరిగే మన వాకిలి మాత్రం దానికి తగిన చోటు కాదు. ఈ తొలకరికి ఒక గోరింట కొమ్మ నాటండి. అది ఎదిగిన తరువాత పొరుగింటి ఆడబిడ్డలు, వారు ఏ మతం వారైనా సరే, ఆకు అడిగితే కాదనకుండా కోసి ఇవ్వండి.

మన చేతుల మీదుగా మేలునే నాటించి, మన ఇళ్లను, మన పొరుగువారిని ప్రతి హాని నుండీ అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.