గృహాలంకరణము – స్వదేశ శిల్పము

గృహమును సుందరముగా నుంచుకొనుట దోషము కాదు, అది సంస్కారలక్షణము. కాని యిటీవల మన పట్టణములలో నూతనముగా కట్టించుకొను ఇండ్ల ముందటి గదులలో గ్రీకు, రోము శిల్పముల ప్లాస్టరు ప్రతికృతులను నిలుపుటయే నాగరికత యని కొందరు తలంచుచున్నారు. ఈ విషయమును వికారాబాదు, తాండూరు వాసులు తక్కినవారికంటె నెక్కువగా నాలోచింపవలెను. ఏలయన వారిది రాతిసీమ.

పరదేశకళపై మాకు ద్వేషము లేదు. 1876లో మొదటి సాలార్‌జంగు రోమునగరమున కొనిన ముసుగు రెబెక్కాను చూచి హైదరాబాదులో నేటికిని జనులు ముగ్ధులగుచున్నారు. నకలు తీయుటయు తప్పు కాదు. గ్రీకుల కంచు విగ్రహములు పెక్కు నశించినను, రోమనులు చేయించిన చలువరాతి నకళ్లవలననే వాని రూపము లోకమునకు దక్కినది. కాని యంగడిలోని తెల్లబొమ్మ ఆ కళను యథార్థముగా చూపుచున్నదా? ప్రాచీన గ్రీకులు తమ విగ్రహములకు రంగులు వేసెడివారని పరిశోధకులు నిర్ధారించిరి. మన మాదర్శమని యెంచు తెల్లదనము, రంగు పోగా మిగిలినది మాత్రమే!

తాండూరు నాపరాయి నీలము, పసుపు వన్నెలతో ఎన్నియో యిండ్ల నేలలను చల్లగా నుంచుచున్నది. అది సున్నపురాతి జాతి. అమరావతీ స్తూపము నలంకరించిన పలనాటి రాయియు సున్నపురాయియే. ఒకటి పాదములక్రింద పరవబడినది. మరొకటి బుద్ధచరిత్రను వహించినది. ఆ శిల్పములు కొన్ని మన దేశమున మిగిలినను, నూటికి మించినవి 1859లో మద్రాసునుండి లండనునకు తరలి, 1880 మొదలు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మూలము దూరమైనచోటనే నకలునకు నిజమైన ప్రయోజనము.

"మన శిల్పము నింట నుంచిన నిత్యపూజ చేయవలెను, భిన్నమైన విగ్రహము అరిష్టము" అని కొందరందురు. చేతులు లేని వీనసు నుంచుకొనునపుడు ఈ శంక ఏమైనది? అదియు దేవతావిగ్రహమే కదా! అమరావతి పద్మఫలకములు, ఓరుగల్లు తోరణము, 1213 నాటి రామప్ప గుడిలోని నల్లరాతి మదనికలు – ఇవి పూజామూర్తులు కావు. వీనిని గదిలో నుంచుటకు ఏ శాస్త్రమును అడ్డురాదు.

మా సూచన స్వల్పము. ఈ రెండు పట్టణముల గ్రంథాలయములు మొదట నొక్కొక్క మంచి ప్రతికృతిని తెప్పించి, శిల్పము పేరు, ఊరు, కాలము క్రింద వ్రాయించి, తేమ తగులనిచోట నిలుపవలెను. ప్లాస్టరు నీటి కోర్వదు. చూచినవారు తమ యిండ్లకును కోరుదురు. కోరువారున్న శిల్పులకు పని దొరకును. బిడ్డలు "ఇది ఎవరు చెక్కిరి?" అని యడుగునపుడు తండ్రి చెప్పగలిగిన బొమ్మయే ఇంటికి నిజమైన అలంకారము.