ఈసారి సెలవుల ప్లాను పిల్లలకు వదిలేద్దాం

ఇంగ్లండులో జులై చివర్లో స్కూళ్ళు మూస్తారు, సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. మధ్యలో ఆ ఆరు వారాలు ఏం చేయాలన్న చర్చ మన తెలుగు ఇళ్ళలో సంక్రాంతి పిండివంటలు డబ్బాల్లో ఉండగానే మొదలవుతుంది. ఒక ఏడు ఇండియా, మరో ఏడు యూరప్‌లో ఎక్కడికైనా అన్నది చాలామందికి కుదిరిపోయిన లెక్క. ఇండియా వెళ్ళే ఏడు పెద్దగా ఆలోచించే పని లేదు. తాతయ్యలు, అమ్మమ్మలు, పెళ్ళిళ్ళు, గుళ్ళు, బట్టల షాపులు... రోజులు వాటంతటవే గడిచిపోతాయి. చిక్కంతా రెండో ఏడుతోనే. అందులోనూ ఇంట్లో పదమూడు దాటిన పిల్లలుంటే ఇక చెప్పనక్కరలేదు!

చిన్నప్పుడు వాళ్ళకి కాస్త ఇసుక, ఒక ఐస్ క్రీము ఉంటే చాలు. ఇప్పుడు అలా కాదు. పది దాటితే గానీ లేవరు. అన్నకి నచ్చింది చెల్లికి నచ్చదు. "మీరు వెళ్ళి రండి, మేం ఇంట్లోనే ఉంటాం" అనే మాట కూడా వినాల్సి వస్తుంది. శనివారం మధ్యాహ్నం మన బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడే తల్లిదండ్రుల మాటల్లో సగం ఇవే.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఈ వయసు పిల్లలకు విసుగు ప్రయాణం మీద కాదు, ఆ ప్రయాణంలో తమకు ఏ పనీ లేకపోవడం మీద. ఊరు మనమే ఎంచుతాం, హోటలు మనమే బుక్ చేస్తాం, గంట గంటకీ ఎక్సెల్ షీటు వేస్తాం, చివరికి పిల్లల్ని సూట్‌కేసులతో పాటు మోసుకెళ్తాం. మనలో చాలామంది సాఫ్ట్‌వేరు వాళ్ళమే. వాడబోయే వాళ్ళని ఒక్క మాటా అడగకుండా ప్రాజెక్టు మొదలుపెడితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మరి ఇంటి దగ్గర ఆ సూత్రం ఎందుకు మరిచిపోవాలి?

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. ఈ బడిలో పాఠాలు చెప్పే మూడు కుటుంబాల వాళ్ళం కలిసి 2025 ఆగస్టులో ఎనిమిది రోజులు మాల్టా దీవికి వెళ్ళాం. మా అందరికీ కలిపి పిల్లలు ఐదుగురు, పదమూడు నుండి పదిహేడేళ్ళ వాళ్ళు. ప్లాను వాళ్ళది. వెంట నడిచింది మేము.

మాల్టానే ఎందుకు? మధ్యధరా సముద్రంలో దీవులకు కొదవ లేదు. క్రీట్, సిసిలీ, సైప్రస్ లాంటివి పెద్దవి, కారు లేకుండా తిరగడం కష్టం. మాల్టా పొడవు 27 కిలోమీటర్లు, వెడల్పు 14. విజయవాడ నుండి గుంటూరు అంత దూరం కూడా లేదు. దీవి అంతా బస్సులున్నాయి. మాల్టీస్‌తో పాటు ఇంగ్లీషూ అధికార భాషే. 1964 దాకా బ్రిటిష్ పాలనలో ఉంది కనుక అక్కడా ఎడమ పక్కనే నడుపుతారు, గోడకి మన మూడు పిన్నుల ప్లగ్గే. లండన్ నుండి విమానంలో మూడు గంటల పైచిలుకు. పిల్లల చేతికి పగ్గాలు ఇవ్వాలంటే ఇలాంటి చోటే కావాలి. ఒక బస్సు తప్పితే ఇంకోటి వస్తుంది. దారి తప్పినా చివరికి ఏదో ఒక సముద్రపు ఒడ్డునే తేలతారు!

అన్నీ పిల్లలకు వదిలేయమని కాదు. కాగితాల పని పెద్దలదే. మనలో కొందరివి బ్రిటిష్ పాస్‌పోర్టులు, కొందరివి ఇంకా ఇండియావే. ఒకే ఇంట్లో రెండు రకాలూ ఉంటాయి. మాల్టా 2007 నుండి షెంగెన్‌లో ఉంది. కనుక ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారికి, ఇక్కడ శాశ్వత నివాసం ఉన్నా సరే, వీసా కావాలి. 2024 జూన్ నుండి పెద్దలకు ఆ రుసుము 90 యూరోలు. ఆరు నెలల ముందు నుండే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వేసవి రద్దీలో అదే మేలు. బ్రిటిష్ పాస్‌పోర్టు వారు అది ఇచ్చి పదేళ్ళు దాటలేదని, తిరిగి వచ్చే రోజు తరువాత మూడు నెలలైనా గడువు ఉందని చూసుకోవాలి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు, దానికి కొంత సమయం కేటాయించుకోవాలి. ఇవన్నీ, వీటితో పాటు ఇన్సూరెన్సు, మందులు మన బాధ్యత.

మిగిలిందంతా పిల్లలకు ఇచ్చి చూడండి. మేము పెట్టిన షరతులు మూడే. మొత్తం ఖర్చు ఇంతకు మించకూడదు. ప్రతి ఒక్కరికీ, పెద్దలతో సహా, నచ్చింది ఒకటైనా ఉండాలి. శాకాహారులు ఏ పూటా పస్తు ఉండకూడదు.

డబ్బు లెక్క చేతికి వచ్చేసరికి పిల్లల మాట తీరే మారిపోయింది. ముందు ఈతకొలను ఉన్న హోటలే కావాలన్నారు. ఆగస్టు ధరలు చూశాక వాళ్ళే వంటగది ఉన్న ఫ్లాట్లు వెతికారు. "ఒక పూట అన్నం, పప్పు మనమే వండుకుంటే స్నార్కెలింగ్‌కి డబ్బు మిగులుతుంది" అని లెక్క కట్టింది పద్నాలుగేళ్ళ అమ్మాయి. రైస్ కుక్కరు తెమ్మన్నదీ ఆ అమ్మాయే, ప్లగ్గు సరిపోతుందని ముందే చూసుకుంది. ఇక బయట తిండి అంటే పాస్తిజ్జీలు ఉండనే ఉన్నాయి. పొరలు పొరలుగా ఉండే పిండిలో రికొట్టా చీజో, బఠాణీ ముద్దో కూరి కాలుస్తారు, మన కర్రీ పఫ్‌కి దగ్గర చుట్టం. పిండిలో పంది కొవ్వు వాడేవాళ్ళూ ఉంటారు కనుక శాకాహారులు అడిగి తీసుకోవాలి. ఆ అడిగే పని కూడా ఒక అబ్బాయి తన మీద వేసుకున్నాడు.

చూడాల్సిన చోట్ల విషయంలో పిల్లలు మనకన్నా చురుకు. హాల్ సఫ్లీనీ అని భూమి లోపల రాతిని తొలిచి చేసిన సమాధుల కట్టడం ఉంది. అయిదారు వేల ఏళ్ళ నాటిది, 1902లో ఇళ్ళ కోసం తవ్వుతుంటే బయటపడింది. లోపలి గాలి, తేమ చెడకుండా రోజుకు ఎనభై మందినే పంపుతారు. టికెట్లు ఎంతో ముందే అయిపోతాయి. మా వాళ్ళు ఆ సంగతి పట్టుకుని ఏప్రిల్‌లోనే కొనిపించారు. గోజో దీవిలో సముద్రం మీద రాతి కిటికీలా ఉండే చోటు చూపిస్తామని మాలో ఒకరు పాత ఫొటో తీస్తే, "అంకుల్, అది 2017 మార్చిలో తుఫానుకి కూలిపోయింది" అన్నాడు ఒకడు. అయినా గోజో వదల్లేదు. పడవలో పాతిక నిమిషాలు. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవైన రాతి గుళ్ళు అక్కడ ఇంకా నిలబడి ఉన్నాయి.

ఎండ సంగతి వినగానే మన పెద్దలు నవ్వుతారు. బెజవాడ ఎండలు చూసినవాళ్ళకి 32 డిగ్రీలు ఒక లెక్కా! కానీ దీవి అంతా లేత పసుపు సున్నపురాయి, చెట్టు నీడ తక్కువ. నది అన్నది లేదు, కుళాయి నీళ్ళలో సగానికి పైగా సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేవే. మధ్యాహ్నం బయట తిరగడం మంచిది కాదు. ఇక్కడ పిల్లల బద్ధకమే పనికొచ్చింది. పొద్దున ఆలస్యంగా లేవడం, ఎండ వేళ వలెట్టాలో చర్చి, మ్యూజియం లాంటి చల్లని చోట్లు, నాలుగు దాటాక సముద్రం, రాత్రి ఎమ్డీనా కోట వీధుల్లో నడక. మేము వేసినా ఇంతకన్నా మంచి టైంటేబులు కుదిరేది కాదు. ఒక్క విషయంలో మాత్రం బేరాలు లేవు. మనలో ఈత రాని పెద్దలు ఎక్కువ. ఒడ్డున ఎర్ర జెండా ఉంటే ఎవరూ దిగకూడదు, ఊదా జెండా ఉంటే జెల్లీచేపలున్నాయని అర్థం. ఈ నియమం పిల్లలే కాగితం మీద రాసి తలుపుకి అంటించారు.

ఇదంతా తెలుగుబడి సంచికలో ఎందుకు అంటారా? రెండు కారణాలు.

మొదటిది, మాల్టీస్ భాష. మాట్లాడేవాళ్ళు సుమారు అయిదు లక్షల మంది. అరబ్బీ వేరు నుండి పుట్టి ఇటాలియన్ మాటలు ఎన్నో కలుపుకుని, రోమన్ లిపిలో రాసుకునే భాష. ప్రపంచాన్ని 'దిన్యా' అంటారు, పుస్తకాన్ని 'క్తీబ్' అంటారు. దునియా, కితాబ్ అన్న మాటలు తెలిసిన హైదరాబాదు వాళ్ళకి చెవులు నిక్కబొడుచుకోవూ! ఒకప్పుడు చదువుకున్నవాళ్ళకి ఇటాలియన్, దొరలకి ఇంగ్లీషు, మాల్టీస్ వంటింటి భాష. 1934లో అధికార భాష అయింది, 2004లో యూరోపియన్ యూనియన్ భాషల్లో చేరింది. బస్సులో మా పిల్లల ఈడు వాళ్ళు మాల్టీస్‌లో కబుర్లు చెప్పుకుంటూ, మమ్మల్ని చూసి తడుముకోకుండా ఇంగ్లీషులోకి మారడం మా వాళ్ళు గమనించారు. "వాళ్ళు అంతమందే ఉండి కూడా సిగ్గుపడరేం?" అని అడిగింది మాతో వచ్చిన పదిహేనేళ్ళ అమ్మాయి. బడిలో ఏళ్ళ తరబడి మేము చెప్పినా ఆ ప్రశ్న పుట్టలేదు.

రెండోది, సమయం. మన బడిలో తెలుగు వారానికి రెండు గంటలు. సెలవుల్లో, స్నేహితులకు దూరంగా, వంటగదిలోనూ పడవ మీదా తెలుగు దానంతటదే వస్తుంది. బజారులో బేరం ఆడేటప్పుడు పక్కవాళ్ళకి తెలియకుండా మాట్లాడుకోవడానికి ఎంత బాగా పనికొస్తుందో పిల్లలు చప్పున పట్టేశారు!

పిల్లలకు వదిలేస్తే డబ్బు తగలేస్తారని కొందరి భయం. హద్దు చెప్పి ఇస్తే మనకన్నా గట్టిగా పట్టుకుంటారు. ఆ డబ్బుతో ఇండియా వెళ్ళి పెద్దవాళ్ళని చూడొచ్చు కదా అన్నది న్యాయమైన మాటే. పెద్దవాళ్ళకి ఒంట్లో బాగాలేని ఏడు అయితే ఆలోచనే వద్దు, ఇండియాయే వెళ్ళాలి. కానీ మిగతా ఏళ్ళలో ఒకసారి ఈ లెక్క వేయండి. పదమూడేళ్ళ పిల్లకి పద్దెనిమిది వచ్చి యూనివర్సిటీకి వెళ్ళేలోగా మనకు మిగిలేవి ఐదు వేసవులు. అందులో ఒకటి జి.సి.ఎస్.ఈ., ఇంకొకటి ఎ లెవెల్స్ దిగులు మింగేస్తాయి. రెండు ఇండియాకు పోతాయి. ఇక చేతిలో ఎన్ని ఉన్నట్టు? ఆ మిగిలిన దాన్ని మన ఎక్సెల్ షీటుతో నింపడం కన్నా, వాళ్ళకి ఇచ్చి వాళ్ళ వెంట నడవడమే మంచిదని మా నమ్మకం. ఇంకో పదేళ్ళకు వాళ్ళు మనల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే, తీసుకెళ్ళడం ఎలాగో ఇప్పుడే నేర్చుకోవాలి కదా!

పిల్లలూ, మీకూ ఒక మాట. అమ్మానాన్నలు అడిగేదాకా ఆగకండి. ఒక కాగితం తీసుకుని ఊరు, ఖర్చు, ఎవరికి ఏం నచ్చుతుందో మూడు వరుసలుగా రాసి భోజనాల బల్ల మీద పెట్టండి. తెలుగులో రాస్తే వాళ్ళు కాదనలేరు!