ఫిన్స్ కరిస్తే తప్పు కాలిది కాదు

సంపాదకులకు,

స్కూబా డైవింగ్‌లో కాళ్లకు తొడిగే ఫిన్స్ బిగుతుగానే ఉండాలని, రెండు మూడు డైవ్‌లకు కాలే అలవాటు పడుతుందని గత వారం మీ వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. కొత్త చెప్పు కరిస్తే రోడ్డు పక్కన విప్పేస్తాం. డైవింగ్‌కు దిగిన రుషికొండ తీరపు నీళ్లలో ఆ వీలుండదు. పైగా నానిన చర్మం ఇట్టే ఒరుసుకుపోతుంది.

మడమ మూసిన ఫిన్స్‌ను ఉత్తకాళ్లకు తొడిగితే రాపిడంతా వేళ్ల మీద, మడమ వెనక. లోపల పల్చని నియోప్రీన్ సాక్స్ ఉండాలి. నూలువి వద్దు, నాని ముడతలు పడతాయి.

మడమ తెరిచిన ఫిన్స్‌ను నియోప్రీన్ బూటు మీద వేస్తారు. ఇక్కడో మెలిక ఉంది. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలంకంటే రెట్టింపు. నియోప్రీన్‌లోని గాలి బుడగలు నలిగి బూటు పల్చబడుతుంది, ఒడ్డున సరిపోయిన పట్టీ కింద వదులవుతుంది. అందుకే స్ప్రింగు పట్టీ మేలు. ధర ఎక్కువే, కానీ బొబ్బకన్నా నయం.

మా గచ్చిబౌలి ఆఫీసుల్లో చాలామంది ఆఫీసు షూ సైజు చూసుకుని ఫిన్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. దయచేసి బూటు తడిపి, తొడిగి, దానిపై ఫిన్ వేసి చూశాకే కొనండి.

— ఒక పాఠకురాలు, గచ్చిబౌలి