అమ్మ గొంతు... రెట్టింపు వేగంలో!

పొద్దున్నే ఏడున్నరకి మా ఇంట్లో ఓ యుద్ధం మొదలవుతుంది. మీ ఇంట్లోనూ జరిగేదేలెండి. ఓ పక్క కుక్కర్ కూత, ఇంకో పక్క స్కూల్ వ్యాన్ హారన్. పాపకి రెండో సాక్సు కనపడదు. మా ఆయనకి బండి తాళం కనపడదు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ 'టింగ్' మంటుంది. అమ్మ నుంచి వాయిస్ మెసేజ్.

అమ్మది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. మా దగ్గరికి వచ్చి ఉండమంటే 'నా ఇల్లూ నా మల్లెపాదూ వదిలి ఎక్కడికి రానే' అంటుంది. ఫోన్లో టైపు చెయ్యడం రాదు. మనవరాలు చూపిస్తే మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడటం మాత్రం నేర్చేసుకుంది. ఇక రోజూ నాలుగు నిమిషాల కబుర్లు. పాలవాడు నీళ్లు ఎక్కువ కలుపుతున్నాడనీ, ఎదురింటి అబ్బాయికి సంబంధం కుదిరిందనీ, పెరట్లో గోంగూర ఏపుగా వచ్చిందనీ...

నాలుగు నిమిషాలు! ఆ వేళప్పుడు ఎవరికుంటాయండీ? అందుకే ఓ ఉపాయం పట్టా. వాయిస్ మెసేజ్‌ని ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగంతో వినే సదుపాయం 2021లో వాట్సాప్‌లోకి వచ్చింది. దాంతో నాలుగు నిమిషాల అమ్మ రెండు నిమిషాల్లో అయిపోయేది. డబ్బాలో పెరుగన్నం సర్దుతూ వినేసి, బొటనవేలు గుర్తు ఒకటి పంపేసేదాన్ని. ఓ పని అయిపోయినట్టే.

అది ఎంత అలవాటైపోయిందంటే, కిందటి వేసవిలో అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు పాప అడిగేసింది... 'అమ్మమ్మా, ఫోన్లో గబగబా మాట్లాడతావు కదా, ఇక్కడెందుకు ఇంత మెల్లగా మాట్లాడుతున్నావ్?' అని. అందరం పడీపడీ నవ్వాం.

ఆ తర్వాత కొన్నాళ్లకే తెలిసింది, అది నవ్వాల్సిన మాట కాదని.

పన్నెండు సెకన్లు

ఓ ఆదివారం సికింద్రాబాద్ స్టేషన్‌లో మా అత్తయ్యగారి కోసం ఎదురుచూస్తున్నా. రైలు గంట ఆలస్యం. ఏమీ తోచక అమ్మ మెసేజ్ తీసి మామూలు వేగంలో పెట్టా. అలా విని ఎన్ని నెలలైందో!

వింటుంటే ఎవరో కొత్త మనిషి మాట్లాడుతున్నట్టుంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. ఆయాసపడుతోంది. 'మీ నాన్న ఉంటే...' అని ఏదో చెప్పబోయి, 'సర్లే, నీకు పనిటైము' అని ఆపేసింది. ఆపేసినా బొమ్మ మీంచి వేలు తియ్యలేదు. పన్నెండు సెకన్లు అమ్మ దగ్గర్నుంచి మాట లేదు. వెనకాల ఫ్యాన్ చప్పుడు. ఎక్కడో కాకి.

ఇన్నాళ్లూ ఇవేవీ నాకెందుకు వినపడలేదు? వేగం పెంచినా గొంతు పెద్దగా మారదు. మాటలూ అర్థమవుతాయి. మాటలతోపాటు మధ్యలో ఉండే ఖాళీలూ కుంచించుకుపోతాయి. దాంతో ఆయాసం కూడా హుషారులా వినిపిస్తుంది. అమ్మ దిగులు ఉన్నది ఆ ఖాళీల్లోనే.

గుండె గుభేల్‌మంది. పాతవి ఒక్కొక్కటీ వెనక్కి వెళ్లి విన్నా. మూడువారాల కిందటి దాంట్లో, కందిపప్పు ధరకీ ఎదురింటి పెళ్లికీ నడుమ ఒకే ఒక్క మాట... 'మొన్న దొడ్లో మెట్టు మీద కాలు జారిందే, ఏం లేదులే' అని. దాని కింద నా జవాబు భద్రంగా ఉంది. బొటనవేలు గుర్తు!

ఆ రాత్రే బస్సెక్కా. అమ్మ మోకాలు వాచిపోయి ఉంది. గోడ పట్టుకుని నడుస్తోంది. 'చెప్పొచ్చు కదమ్మా' అన్నా. 'చెప్పాను కదే' అంది. నిష్ఠూరం కూడా లేదు ఆ మాటలో. ఎముక విరగలేదని డాక్టరు చెప్పేదాకా నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

తిరుగు ప్రయాణంలో ఓ లెక్క వేశా. రోజుకి రెండు నిమిషాల చొప్పున ఏడాదికి పన్నెండు గంటలు మిగుల్చుకున్నా. వాటితో ఏం చేశానబ్బా అని ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల రీల్స్ చూసి ఉంటాను... మామూలు వేగంలోనే!

నత్త గుర్తు ఎందుకంటే...

ఇలాంటి తొందర నా ఒక్కదానిదే కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. లండన్‌లో స్థిరపడిన కార్ల్ హానొరే అనే పాత్రికేయుడు ఓసారి రోమ్ విమానాశ్రయంలో వార్త ఒకటి చదివారు. పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథల్ని ఒక్కో నిమిషానికి కుదించి పుస్తకం వేశారన్నది దాని సారాంశం. భలే ఉందే, వెంటనే కొనెయ్యాలి అనుకున్నారట. మరుక్షణమే, కన్నకొడుక్కి కథ చెప్పడానికీ నాకు తొందరేనా అని ఉలిక్కిపడ్డారట. ఆ ఉలికిపాటులోంచి వచ్చిన పుస్తకమే 2004లో వెలువడిన 'ఇన్ ప్రెయిజ్ ఆఫ్ స్లో'.

అంతకుముందే ఇటలీలో ఈ ఆలోచన మొదలైంది. 1986లో రోమ్‌లోని స్పానిష్ స్టెప్స్ దగ్గర మెక్‌డొనాల్డ్స్ దుకాణం తెరుస్తుంటే కొందరు నిరసన తెలిపారు. కార్లో పెట్రినీ ముందుండి నడిపిన ఆ కదలికే 'స్లో ఫుడ్' ఉద్యమమైంది. 1989లో పారిస్‌లో దాని ప్రణాళిక విడుదలైంది. గుర్తు ఏం పెట్టుకున్నారో తెలుసా? నత్త! 1999లో ఆ స్ఫూర్తితోనే 'చిట్టాస్లో' పేరుతో నిదానమైన పట్టణాల సంఘమూ పుట్టింది. పూర్తి సభ్యత్వం కావాలంటే జనాభా 50,000 లోపే ఉండాలి.

ఇందులో మనకి మరీ కొత్తేముంది? ఆవకాయ కలిపి జాడీకెత్తాక మూడోరోజు దాకా ఆగి, అప్పుడు తిరగ కలిపి, ఉప్పు సరిచూసి, నూనె పోసేవాళ్లమే కదా మనం. తోడేసిన పాలని పది నిమిషాలకోసారి కదిపి చూస్తే పెరుగవుతుందా?

అలాగని అన్నీ నత్తలా చెయ్యమని హానొరే కూడా చెప్పలేదు. దేనికి తగ్గ వేగం దానికుండాలన్నారు. మన పెద్దవాళ్లు 'నిదానమే ప్రధానం' అన్నారు, 'ఆలస్యం అమృతం విషం' అనీ అన్నారు. రెండూ నిజమే. నేను నిదానంగా విని ఉంటే, మూడువారాల ముందే తొందరగా బస్సెక్కేదాన్ని.

పూరీలు ఎవరు వత్తుతున్నారు?

ఇంకో మాట. మనసుకి ప్రశాంతత కావాలనగానే తెల్లవారుజామున లేచి ధ్యానం, సాయంత్రం నడక, వారాంతంలో రిసార్టు అంటూ పెద్ద జాబితా రాసుకుంటాం. అదీ ఓ పనే అవుతుంది, దానికీ పరుగే.

పైగా అందరికీ నిదానం ఒకేలా దక్కదు. ఆర్డరు పట్టుకుని మెట్లెక్కి వచ్చే కుర్రాడిని నిదానించమంటే ఎలా కుదురుతుంది? ఆ సంచీ పది నిమిషాలు ఆలస్యమైతే విసుక్కునేది మనమే. ఇంట్లోనూ అంతే. ఇప్పుడు మీరు తాపీగా కాఫీ తాగుతూ ఈ పేజీ చదువుతున్నారు సరే, వంటింట్లో పూరీలు ఎవరు వత్తుతున్నారు? ఒకరి నిదానం ఇంకొకరి నడుం మీద నడవకూడదు. మీరూ వెళ్లి రెండు పూరీలు వత్తండి. ఇద్దరూ కలిసి కూర్చుని తినొచ్చు.

నేనైతే పెద్ద మార్పులేమీ చెయ్యలేదు. అమ్మ మెసేజ్ పొద్దున వినడం మానేశా. రాత్రి అన్నాలయ్యాక, పాపా నేనూ బాల్కనీలో కూర్చుని మామూలు వేగంలో వింటున్నాం. చివర్లో వచ్చే నిశ్శబ్దం కూడా. ఆ తర్వాతే ఫోన్ చేస్తాం.

కిందటి వారం నేనూ అమ్మలాగే ఓ వాయిస్ మెసేజ్ పంపా. ఆఫీసు సంగతులు, పాప తెలుగులో తెచ్చుకున్న మార్కులు, మాడిపోయిన సాంబారు... ఎక్కడా హడావుడి పడకుండా నాలుగు నిమిషాలు. కాసేపటికి అమ్మే కంగారుగా ఫోన్ చేసింది.

'ఏమే, అంత మెల్లగా మాట్లాడుతున్నావ్... ఒంట్లో బాగానే ఉందా?'