గర్భిణి వ్యయము తండ్రి ఋణము కాదా?

గర్భస్థశిశువునకు సైతము తండ్రి పోషణవ్యయము చెల్లింపవలెనని అమెరికాలోని కాన్సాసు రాష్ట్ర శాసనసభలు చేసిన బిల్లును గవర్నరు లారా కెల్లీగారు 2025 ఏప్రిలులో వీటో చేసిరి. సభలు వీటోను త్రోసిపుచ్చి బిల్లును శాసనము గావించినవి. పోషణ మిషతో పిండమునకు వ్యక్తిత్వ మాపాదించి గర్భవిచ్ఛిత్తి హక్కునకు ఎసరు పెట్టుచున్నారని విమర్శకుల శంక. ఆ శంక నిరాధారము కాదు. 2022 ఆగస్టులో ఆ రాష్ట్రప్రజలే ఆ హక్కును నిలుపుకొనిరి. అయినను, ఎలుకమీది కోపమున నింటికి నిప్పుపెట్టుట న్యాయమా? కర్చు తల్లి పేర ఇప్పించుడని బిల్లును దిద్దింపవలసినది.

ఓరుగల్లువారికి కాన్సాసు గొడవ యేల యందురా? అచ్చట నిరాకరించుట కొక బిల్లైనను కలదు. మనకు అదియు లేదు.

మన చట్టముల వింత చూడుడు. 1956 నాటి హిందూ వారసత్వచట్టము 20వ సెక్షను ననుసరించి, తండ్రి మరణించునాటికి గర్భమందుండి పిదప సజీవముగా జన్మించిన శిశువు ఆస్తికి హక్కుదారు. తండ్రి చచ్చినచో పొలములో పాలున్నది. తండ్రి బ్రదికియుండి, తల్లి యాతని భార్య కానిచో మందులకు చిల్లిగవ్వ లేదు! క్రిమినలు ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను 2024 జూలై 1 నుండి నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. అంకె మారినదే గాని అర్థము మారలేదు. భార్యకు భరణము కలదు. పుట్టిన బిడ్డకు, తల్లికి పెండ్లి కాకున్నను, కలదు. పెండ్లి యాసచూపి వంచింపబడిన పిల్లకు కడుపుతోనున్న తొమ్మిది నెలలును ఆ సెక్షనులో చోటులేదు. 2005 నాటి గృహహింస చట్టము, వివాహమువంటి బంధమున కలిసి కాపురమున్న స్త్రీకి దారి చూపినది. కాపురమే పెట్టక పరారియైనవానిని అదియు అంటదు.

చందా కాంతయ్య ప్రసూతి వైద్యశాలలో పురుడు ఉచితమే. కాని నర్సంపేట పల్లెలనుండి వచ్చు కూలిపిల్లకు ఏడవనెల మొదలు పోవు కూలి యెవ్వరిత్తురు? 2017లో వెలసిన కె.సి.ఆర్. కిట్టు పథకము మగబిడ్డ పుట్టిన 12,000, ఆడబిడ్డయైన 13,000 రూపాయలు విడతలుగ నిచ్చునట్లేర్పడినది. మంచిదే. అది ప్రజలందఱి సొమ్ము. తండ్రి జేబునుండి దమ్మిడియు కదలలేదు.

మేము కోరునది స్వల్పము. గర్భకాలపు తిండి, మందులు, పోయిన కూలి తండ్రివలన రాబట్టుకొను హక్కు స్త్రీకుండవలెను. ఆ హక్కు ఆమె పేరనే యుండవలెను గాని పిండము పేర కాదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టమునకు దానివలన వెండ్రుకవాసి భంగము కలుగరాదు. అబద్ధపు తండ్రిని చూపుదురను భయము పెద్దమనుష్యులకు మెండు. పుట్టిన పిదప డి.ఎన్.ఏ. పరీక్ష తేల్చును; అందాక మెజిస్ట్రేటు కొంత పైకము కోర్టులో కట్టింపవచ్చును.

కేంద్రచట్టమునకు సవరణ గనుక రాష్ట్రపతి సమ్మతియు వలయును; దారి గవర్నరుగారి బల్లమీదుగనే. ఆ బల్ల సంగతి మన మెఱుగనిదా? పది బిల్లులు నిలిచిపోయినవని 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వమే సుప్రీముకోర్టు కెక్కినది. గవర్నరులకు గడువు విధింపజాలమని ఆ కోర్టే 2025 నవంబరులో సలహా నొసగినది. కాన్సాసు గవర్నరును ప్రజలెన్నుకొనిరి, వీటో చేసినను సభ దాటగలిగినది. మన గవర్నరును మన మెన్నుకొనము, రాష్ట్రపతికి పంపిన బిల్లును మన సభ దాటింపజాలదు.

అయినను ముందు బిల్లుండవలెను గదా! వరంగల్లు, హనుమకొండ శాసనసభ్యులలో నొక్కరైనను వచ్చు సమావేశమున దీనిని అనధికార బిల్లుగ ప్రవేశపెట్టుదురుగాక. గవర్నరుగా రాపుదురో పంపుదురో పిమ్మట చూతము.