నీరు పచ్చబడితే చాలా?

గుండుగొలను ప్రాంతంలో చేపల చెరువు పచ్చగా ఉంటే రైతుకు సంతోషం. ఆ పచ్చదనం కంటికి విడిగా కనిపించనంత చిన్న నాచుది. పగలు అది నీటికి ప్రాణవాయువునిస్తుంది. కాని ఎరువు, మేత మితిమీరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అప్పుడొక తెల్లవారుజామున బొచ్చెలూ, శీలావతులూ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఎందుకని?

రాత్రి నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది. చచ్చిన నాచును కుళ్ళబెట్టే బాక్టీరియా మిగిలినదాన్ని వాడేస్తుంది.

సముద్రంలోనూ నాచుకూ బాక్టీరియాకూ ఈ సంబంధం ఉంది. 2009 వసంతంలో ఉత్తర సముద్రంలోని హెల్గోలాండ్ దీవి దగ్గర నాచు విరివిగా పెరిగింది. అది చనిపోయేకొద్దీ అందులోని రకరకాల చక్కెర పదార్థాలను తింటూ, ఒక రకం బాక్టీరియా తరువాత మరొక రకం పెరగడం శాస్త్రజ్ఞులు గమనించారు. అంటే, పంక్తిలో ఎవరు కూర్చోవాలో వడ్డించిన నాచే నిర్ణయించిందన్నమాట!

కనుక చెరువులో ఎరువు వేస్తే నాచుతోపాటు బాక్టీరియానూ పెంచినట్లే. నీటిని పరీక్షించకుండా ఎరువు వేయడం తప్పని నా అభిప్రాయం. చెరువులు వదిలిన నీరు కొల్లేటికి, అక్కడినుంచి ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి చేరుతుంది కదా!

పిల్లలూ! పెద్దవాళ్ళతో చెరువు గట్టుకు వెళ్ళినప్పుడు పచ్చటి నీటిలో మోచేతి వరకు చెయ్యి ముంచి చూడండి. అరచెయ్యి కనిపించకపోతే, “ఇంక ఎరువు వద్దు నాన్నా!” అని చెప్పండి.